‘నాకు మందు వద్దు’ అంటే వెయిటర్ ఏం రాసుకుంటాడు?

ప్రశ్న ఇది: నెల్లూరులో ఉద్యోగం. నెలకి రెండు మూడుసార్లు డీలర్లతోనో స్నేహితులతోనో బార్ అండ్ రెస్టారెంట్‌కి వెళ్ళక తప్పదు. మందు అలవాటు లేదు. వెయిటర్ వచ్చి నిలబడేసరికి ఏం చెప్పాలో తోచక ‘ఏదో ఒకటి తే’ అనేసి, కూల్‌డ్రింకు ముందు పెట్టుకుని మూడు గంటలు ముళ్ళ మీద కూర్చున్నట్టు గడపాల్సి వస్తోంది. ఏం చెప్పాలి, ఎట్టా చెప్పాలి?

వెయిటర్ ‘సార్‌కి?’ అని మీ వైపు తిరిగిన ఆ రెండు మూడు సెకన్లలోనే ఇబ్బందంతా పుడుతుంది. మీరు తడబడితే ఆ సందులో పక్కనున్న బావ దూరతాడు: ‘వాడికీ ఒక లార్జ్ రాసుకో అబ్బయ్యా’. ‘నాకు మందు వద్దు’ అన్నా అదే జరుగుతుంది. ఆ మాటని వెయిటర్ రాసుకోలేడు, బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు మాత్రం దాన్నందుకుని పంచాయితీ పెట్టగలరు. అదే ‘సాల్ట్ లైమ్ సోడా, పెద్ద గ్లాసులో, నిమ్మకాయ ఒకటిన్నర, ఐసు తక్కువ’ అన్నారనుకోండి, వెయిటర్ రాసుకుని పక్కాయన వైపు తిరుగుతాడు. గుమ్మం దాటేలోపే మీ మొదటి గ్లాసు పేరు నోట్లో సిద్ధంగా ఉండాలి. సగం పని అక్కడే అయిపోతుంది.

వీలైతే అందరికన్నా ముందు మీరే చెప్పండి. చివర్లో చెప్పేవాడి ఆర్డర్‌ని అందరూ వింటారు, మొదట చెప్పేవాడిది ఎవరూ పట్టించుకోరు, వాళ్ళింకా బ్రాండ్ల లెక్కలో ఉంటారు. కూర్చునే ముందు చేతులు కడుక్కోవడానికి వెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు కౌంటర్ దగ్గర కెప్టెన్‌కి, అంటే వెయిటర్ల పెద్దకి, చెప్పిపెట్టడం ఇంకా మేలు. ‘ఆ మూల బల్ల. రాత్రంతా నాకు మందు లేనివే. గ్లాసు ఖాళీ కాకముందే ఇంకోటి తెచ్చిపెట్టు’ అంటే చాలు. మంచి కెప్టెన్లకి ఇది కొత్త కాదు. బల్లకి ఒకరైనా తాగనివాళ్ళు ఉంటూనే ఉంటారు.

పేరు చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త. పాటల హోరులో ‘మాక్‌టెయిల్’ (మందు లేనిది) అంటే ‘కాక్‌టెయిల్’ (మందు ఉన్నది) అని వినబడుతుంది. ‘వర్జిన్ మొహీటో’ అంటే అందులో మొదటి మాట గాలికి పోయి రెండోది మాత్రమే బార్ కౌంటర్‌కి చేరుతుంది, రమ్ము పోసి తెస్తారు. అందుకని తెలుగులో ఒక ముక్క తగిలించండి: ‘మొహీటో, మందు లేకుండా’. తెచ్చాక వాసన చూసి, ‘ఇందులో మందు లేదుగా?’ అని ఇంకోసారి అడిగి తాగండి. రెండుసార్లు అడిగినందుకు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇక ఏం తాగాలి? మన జిల్లాలో ఉండి నిమ్మకాయ సోడాని తక్కువగా చూడకూడదు. పొదలకూరు, గూడూరు నిమ్మ మార్కెట్లు ఇంత దగ్గర పెట్టుకుని సీసాలో దొరికే లైమ్ కార్డియల్ తాగడం అన్యాయం. ఆర్డర్ ఇచ్చేటప్పుడే ‘కాయ పిండాలి, సీసా రసం వద్దు’ అనండి. మంచి కాయ పిండితే 15 నుంచి 20 మిల్లీలీటర్ల రసం వస్తుంది. 300 మిల్లీలీటర్ల గ్లాసుకి కాయ ఒకటిన్నర, సోడా 200, ఐసు ముక్కలు మూడో నాలుగో, ఉప్పు పావు చెంచా. దీన్ని పాడుచేసేవి రెండు. ఉప్పు మీద సోడా గుమ్మరిస్తే బుస్సున పొంగి గ్యాసంతా పోతుంది, మిగిలేది చప్పటి ఉప్పునీళ్ళు. ఉప్పుని నిమ్మరసంలో ముందే కరిగించి, గ్లాసు కాస్త వంచి అంచు మీదుగా సోడా పోయాలి. రెండోది, స్వీట్ సోడాలో పంచదార పలుకులు వేయడం. చల్లటి సోడాలో పంచదార సరిగ్గా కరగదు, మొదటి గుక్క పుల్లగా, చివరి గుక్క పాకంలా ఉంటుంది. ‘షుగర్ సిరప్ ఉందా?’ అని అడగండి, ఉంటే 20 మిల్లీలీటర్లు చాలు. లేదంటే సాల్ట్‌కే ఉండిపోండి. సోడా సీసా మీ బల్ల దగ్గరే తెరిపించండి. పొద్దున తెరిచిపెట్టిన పెద్ద సీసాలోంచి పోస్తే అందులో చురుకు ఉండదు.

ఇంకొకటి సుగంధి సోడా. దీన్నే నన్నారి అంటారు, సుగంధిపాల వేరు కషాయంతో చేసిన పాకం. బార్లలో దీన్ని పెద్దగా పెట్టరు, బయట సోడా బండి దగ్గర దొరుకుతుంది. అయినా ఇంట్లో పార్టీకి, తోట దగ్గర సిట్టింగ్‌కి దీన్ని మించింది లేదు. పాకం 30 మిల్లీలీటర్లు, అర నిమ్మకాయ, 200 మిల్లీలీటర్ల సోడా, ఐసు. రంగు చూస్తే దూరం నుంచి రమ్ము అనుకుంటారు. గ్లాసు వైపు చూపులు పడటమే మీ ఇబ్బంది అయితే దీనితో ఆ గొడవ లేదు. పాకం పాళ్ళు పెంచితే మాత్రం రెండో గ్లాసుకే వెగటు పుడుతుంది.

మొహీటో సంగతికొస్తే, చేసేవాళ్ళకి చేతనైతేనే బాగుంటుంది. పుదీనా ఆకులు ఎనిమిదో పదో, అర నిమ్మకాయ ముక్కలు, సిరప్ 20 మిల్లీలీటర్లు, పైన సోడా 150. ఆకుని నాలుగైదు సార్లు మెల్లగా నొక్కాలి, అంతే. రోట్లో పచ్చడి నూరినట్టు నూరితే చేదు దిగుతుంది, నలిగిన ముక్కలు స్ట్రాలో ఇరుక్కుంటాయి. మీ ఊరి బార్‌లో అలా నూరే అలవాటుంటే ఇది వదిలేసి ‘లైమ్ సోడాలో పుదీనా నాలుగు ఆకులు వెయ్యి’ అనండి.

రంగు పానీయాల దగ్గర కళ్ళు తెరవాలి. నీలం రంగు మాక్‌టెయిల్‌లో వాడే బ్లూ క్యురసావ్ రెండు రకాలుగా ఉంటుంది. మందు లేని సిరప్ ఒకటి, 20 శాతం పైగా ఆల్కహాల్ ఉండే లిక్కర్ ఒకటి. పేరు ఒకటే, రంగు ఒకటే. పెద్ద బార్లలో రెండూ ఒకే అరలో ఉండొచ్చు. సీసా చూపించమంటే చూపిస్తారు. బిట్టర్స్ (మూలికల చేదు సారం) కూడా అంతే. లైమ్ సోడాలో నాలుగు చుక్కలు వేస్తే రుచి మారిపోతుందని కొందరు వేస్తారు, చాలామంది వాడే అంగోస్తురా బిట్టర్స్‌లో ఆల్కహాల్ 44.7 శాతం. నాలుగు చుక్కలకి ఎవరికీ మత్తెక్కదు. కానీ నియమంగా ముట్టనివాళ్ళకీ, కింద చెప్పబోయే మాత్రలు వాడేవాళ్ళకీ ఆ సంగతి తెలిసుండాలి.

కూల్‌డ్రింకులా కనబడే మందు కూడా ఉంది. బ్రీజర్‌ని చాలామంది పండ్ల రసం లెక్కన ఇస్తారు, ‘ఇది ఆడవాళ్ళు కూడా తాగుతారబ్బా, ఏం కాదు’ అని. అందులో ఆల్కహాల్ 4.8 శాతం, దాదాపు మామూలు బీరంత. తాటికల్లూ ఆ కోవలోదే. తెల్లవారకముందు సున్నం పూసిన కుండలో పట్టిన నీరా వేరు. అదే నీరా చల్లగా ఉంచకుండా ఎండెక్కేదాకా వదిలేస్తే పులిసి కల్లవుతుంది. నిమ్మ పానీయం కలిపిన బీరుకి వాడే రాడ్లర్ అనే పేరుతోనూ తికమక ఉంది. మన దగ్గర కింగ్‌ఫిషర్ రాడ్లర్ ఆల్కహాల్ లేని పానీయం. విదేశాల్లో ఆ పేరుతో అమ్మేవాటిలో 2 శాతం పైన ఉండటం మామూలే. పేరు పక్కన పెట్టి లేబుల్ మీద అంకె చదవండి.

‘జీరో’ బీర్లు, అంటే హైనెకెన్ 0.0, బడ్‌వైజర్ 0.0 లాంటివి, బీరు రుచి కావాలి, మత్తు వద్దు అనుకునేవాళ్ళకి బాగా పనికొస్తాయి. మన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం ఆల్కహాల్ 0.5 శాతం దాటితేనే మద్యం లెక్క. కాబట్టి ‘నాన్ ఆల్కహాలిక్’ అన్నంత మాత్రాన సున్నా అనుకోకండి, 0.0 అని స్పష్టంగా ఉన్నదే తీసుకోండి. నెల్లూరు, ఒంగోలు బార్లలో ఇవి ఎప్పుడూ ఉంటాయని నమ్మి వెళ్ళొద్దు, ముందు ఫోన్ చేసి ‘రెండు సీసాలు ఫ్రిజ్‌లో పెట్టు’ అని చెప్పండి. ఇవి బాగా చల్లగా ఉన్నప్పుడే తాగబుద్ధవుతాయి. కాస్త వెచ్చబడితే ఉడికించిన బార్లీ గంజి తీపి బయటపడుతుంది. గ్లాసులో తక్కువ తక్కువ పోసుకుని, సీసాని ఐసు బకెట్‌లో ఉంచండి. (సీసాతో ఫోటో దిగితే మాత్రం వాట్సాప్‌లో చూసిన పెద్దమ్మకి ఆ చిన్న 0.0 కనబడదు.)

చెన్నైకో బెంగళూరుకో పనిమీద వెళ్తే మందు లేనివాటికి ‘జీరో ప్రూఫ్’ అని మెనూలో విడిగా ఒక పేజీయే ఉంటుంది, అక్కడ మీకు కష్టం లేదు. ధర చూసి ఎంచుకోవడమే.

కూర్చోవడం మూడు గంటలనుకుంటే, మీకు నాలుగైదు గ్లాసులు పడతాయి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు అన్నీ తీపివే తాగడం. 300 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 32 గ్రాముల పంచదార ఉంటుంది, ఆరు చెంచాల పైమాట. నాలుగు తాగితే పావుకిలోలో సగం. మందు మానేసి షుగర్ తెచ్చుకున్నట్టుంటుంది. ఎనర్జీ డ్రింకు కలిపిన మాక్‌టెయిల్స్ ఇంకో తలనొప్పి. 250 మిల్లీలీటర్ల రెడ్‌బుల్ డబ్బాలో సుమారు 75 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది, రాత్రి పదింటికి తాగితే తాగినవాళ్ళంతా నిద్రపోయాక మీరొక్కరే పైకప్పు చూస్తూ పడుకోవాలి. మొదటి గ్లాసు ఇష్టమైన తీపిది, రెండోది సాల్ట్ సోడా, మూడోది ఉప్పు కూడా లేకుండా సోడాలో నిమ్మచెక్క, ఆ తర్వాత మజ్జిగ. ఈ వరస కడుపుకి సరిపోతుంది. బీపీ ఉన్నవాళ్ళు సాల్ట్ సోడా ఒక్కదానితో ఆపాలి. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములకి మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, స్టఫ్ కింద, అంటే నంజుకోవడానికి, వచ్చే వేపుళ్ళలోనే అందులో చాలా భాగం పోతుంది.

మజ్జిగ బార్‌లో దొరుకుతుందా అంటే, బిర్యానీ ఉన్న ప్రతి వంటింట్లోనూ పెరుగు ఉంటుంది. ‘పెరుగు నాలుగు గరిటెలు, నీళ్ళు, ఉప్పు, అల్లం, కరివేపాకు’ అని చెప్తే చేసిస్తారు, బిల్లులో రైతా అని వేస్తారు. రొయ్యల వేపుడు, కారం దట్టించిన చేప ముక్కల మీద సోడా అదే పనిగా పోస్తే పుల్లతేన్పులు ఖాయం. మజ్జిగతో ఆ బాధ ఉండదు.

గ్లాసు కాపలా గురించి చెప్పాలి, ఎందుకంటే సరదాకి పోసేవాళ్ళు ఉంటారు. కోలాలో రమ్ము కలిపితే రంగు తెలీదు, వాసనా సగం దాగుతుంది. స్ప్రైట్‌లో వోడ్కా కలిపితే కంటికి అసలు తెలీదు. తీపి ఏ వాసననైనా కప్పేస్తుంది. తీపిలేని నిమ్మ సోడాలో మందు పడితే నాలుక పట్టే అవకాశం ఎక్కువ. కొత్తవాళ్ళతో కూర్చున్నప్పుడు తీపి మానేయడానికి ఇదొక కారణం. గ్లాసు వదిలి బయటికి వెళ్తే, తిరిగొచ్చాక అది తాగకండి, కొత్తది చెప్పండి. వందో నూటయాభయ్యో పోతుంది, పోనివ్వండి. అందరివీ ఒకే రకం గ్లాసులైతే మీది మారిపోయే ప్రమాదం ఉంది. స్ట్రా వేయించుకోండి, లేదా గ్లాసుకి టిష్యూ చుట్టుకోండి. వెయిటర్ సోడా అందరికీ పోస్తూ వస్తుంటే ‘నాది నేనే పోసుకుంటా’ అని సీసా దగ్గర పెట్టుకోండి. గ్లాసు ఎప్పుడూ సగానికి పైన ఉండాలి, ఖాళీ గ్లాసు కనబడితేనే పోయాలన్న ఉబలాటం పుడుతుంది.

మనుషులతో మాట దగ్గరకొద్దాం. ‘ఒక్క పెగ్గేలేరా’ అనేవాళ్ళు సాధారణంగా మూడుసార్లు అడుగుతారు. మొదటిది మర్యాదకి, రెండోది సరదాకి, మూడోది పంతానికి. మూడింటికీ ఒకే జవాబు, ఒకే గొంతుతో చెప్పండి: ‘నాకు ఇది వచ్చింది బావా, మీరు కానీండి’ అని మీ గ్లాసు చూపించండి. కారణం చెప్తే చిక్కు, దాన్ని పట్టుకుని వాదిస్తారు. ‘లివర్ బాలేదు’ అంటే ‘ఎవుడికి బాగుంది లే’ అంటారు. ‘యాంటీబయాటిక్ కోర్సు’ అంటే ఎన్ని రోజులని అడుగుతారు, వచ్చే నెల ఆ లెక్క తీస్తారు. అబద్ధం ఒకసారి పనిచేస్తుంది, ఆ తర్వాత దాన్ని మోయాలి. ఎప్పుడూ తాగనివాళ్ళు ‘నేను తాగను’ అనేయాలి. ‘ఇవాళ వద్దులే’ అంటే రేపటికి బాకీ పడ్డట్టే.

బండి తాళాలు మాత్రం నిజమైన, గట్టి కారణం. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ‘అందర్నీ ఇళ్ళకాడ దింపేది నేనే’ అంటే ఎవరూ మారు మాట్లాడరు. పైగా రాత్రి పదకొండుకి మీ విలువ వాళ్ళకే తెలుస్తుంది.

కార్తీకం నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప మాలలో ఉన్నవాళ్ళని ఎవరూ అడగరు, ‘సామీ’ అని పక్కకి జరుగుతారు. మాల తీసిన మర్నాడే ‘ఇంకేంది సామీ, అయిపోయిందిగా’ అని మొదలవుతుంది. ఆ నలభై ఒక్క రోజుల్లో తాగకుండా ఉండటం అలవాటై అలాగే కొనసాగిద్దామనుకునేవాళ్ళకి నిజమైన పరీక్ష ఆ వారమే. మాల తీయకముందే తర్వాతి సిట్టింగ్‌లో ఏం చెప్పాలో అనుకుని పెట్టుకోండి.

పెద్దవాళ్ళ దగ్గర పద్ధతి వేరు. మామయ్య వరసాయన ప్రేమగా పోసి అందిస్తే, ఆ గ్లాసు చేతిలోకి తీసుకోకండి. ఒకసారి చేతిలోకి వచ్చాక తిరిగివ్వడం అవమానంలా కనబడుతుంది. ముందే రెండు చేతులతో మీ గ్లాసు పట్టుకుని ఉండండి, ‘మీ ఆశీర్వాదం చాలు మామయ్యా, నాది ఇదిగో’ అని దాన్నే ఆయన గ్లాసుకి తగిలించండి. చీర్స్‌కి కావాల్సింది గ్లాసుల చప్పుడే.

డీలర్ల మీటింగులో, చీమకుర్తి గ్రానైట్ కొనడానికి వచ్చిన పార్టీలతో కూర్చున్నప్పుడు ఇంకో ఉపాయం ఉంది. తిండి బాధ్యత మీరు తీసుకోండి. ఏ ప్లేటు ఎప్పుడు రావాలి, కొరమీను వేపుడు ఉందా, ముల్లులేని ముక్క ఎవరికి, బిర్యానీ ఎన్నింటికి చెప్పాలి, ఇవన్నీ చూసుకునే మనిషి గ్లాసులో ఏముందో ఎవరికీ పట్టదు. పైగా రేట్ల గురించి అవతలివాళ్ళు ఏమన్నారో తెల్లారి గుర్తుండేది మీ ఒక్కరికే.

తాగనని చెప్పడానికి మన జిల్లాలో మొహమాటపడటం విచిత్రమే. 1992లో కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించిన దగ్గర మొదలైన ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం దాకా వెళ్ళింది, 1997లో దాన్ని సడలించారు. ఈ చరిత్ర బల్ల దగ్గర మాత్రం ఎత్తకండి. రెండో పెగ్గులో ఉన్నవాళ్ళు వినరు, విన్నా మిమ్మల్నే ఆటపట్టిస్తారు.

మాత్రల విషయం ఖచ్చితంగా చెప్పాలి. మందు మానడానికి డాక్టర్ ఇచ్చే డైసల్ఫిరామ్ వాడుతున్నవాళ్ళకి కొద్దిపాటి ఆల్కహాల్ కూడా పడదు. మొహం ఎర్రబడి, గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం దాకా వెళ్తుంది. మాత్ర ఆపాక కూడా రెండు వారాల వరకు ఆ ప్రభావం ఉండొచ్చు. వీళ్ళు బిట్టర్స్, నీలం సిరప్, ‘దాదాపు సున్నా’ బీర్లు, కొంబుచా అనే పులియబెట్టిన టీ లాంటివి ఏవీ ముట్టకూడదు. మందు కలిపిన షేకర్‌ని పైపైన కడిగి చేసిన మాక్‌టెయిల్ కూడా వద్దు. సీలు మీ ముందే తీసిన సోడా, నీళ్ళ సీసా, కొబ్బరిబోండాం మంచివి. మెట్రోనిడజోల్ వాడేవాళ్ళకీ కోర్సు అయిన మూడు రోజుల దాకా ఆల్కహాల్ వద్దనే చెప్తారు. ఈమధ్యే మానేసినవాళ్ళకి 0.0 బీరు కూడా నా సలహాలో వద్దు. ఆ వాసన, ఆ నురగ, ఆ గ్లాసు కలిసి పాత కోరికని లేపుతాయి. రోజూ గట్టిగా తాగే అలవాటున్నవాళ్ళు ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్స్ రావచ్చు. డాక్టర్ చూపులో ఆపాలి. 14446 అనే ఉచిత నంబరు ఇలాంటివాటి కోసమే ఉంది.

మైపాడు బీచ్‌కో కొత్తపట్నానికో పదిమంది కలిసి వెళ్తున్నారు, అందులో ముగ్గురు తాగరు అనుకుందాం. ఆ ముగ్గురికీ మనిషికి నాలుగు గ్లాసుల లెక్కన పన్నెండు గ్లాసులు. సోడా రెండున్నర లీటర్లు, నిమ్మకాయలు ఇరవై, పావుకిలో లోపు పంచదారని అంతే నీళ్ళతో కాచి చల్లార్చిన పాకం సుమారు 300 మిల్లీలీటర్లు, ఉప్పు పొట్లం, పుదీనా కట్ట. ఈ సోడా విడి సంచిలో, విడి ఐసుపెట్టెలో పెట్టండి. కలిపి పెడితే తాగేవాళ్ళు పెగ్గుల్లోకి మొత్తం లాగేస్తారు, రెండో గంటకి మీకు మిగిలేది గోరువెచ్చటి నీళ్ళే. ఐసు టౌన్‌లోనే ప్యాకెట్ ఐసు కొనుక్కుని వెళ్ళండి. రేవు దగ్గర చేపల పెట్టెల్లో వేసే దిమ్మ ఐసు తాగడానికి చేసింది కాదు, పగలగొట్టి గ్లాసులో వేసుకున్నారంటే తెల్లారి అందరికీ కడుపు నొప్పి, తప్పు మాత్రం రొయ్యల మీదకి పోతుంది.

చివరికి బిల్లు. మద్యం జీఎస్టీలోకి రాదు, దానికి రాష్ట్రం పన్ను వేరు. అందుకని చాలాచోట్ల మందు బిల్లు, తిండి బిల్లు విడిగానే కొడతారు. సమానంగా పంచుకోవడానికి మీకు అభ్యంతరం లేకపోతే సరే. ఉంటే, బిల్లు వచ్చాక మొహం మాడ్చుకుంటే లాభం లేదు. కూర్చున్నప్పుడే నవ్వుతూ ‘తిండి బిల్లులో నా వాటా నాది, మందు బిల్లు మీరు చూసుకోండి బావా’ అనేయండి. మొదటి పెగ్గుకి ముందు అంటే అందరూ ఒప్పుకుంటారు. వాళ్ళ బండి తాళాలు కూడా అప్పుడే అడిగి జేబులో వేసుకోండి, ఆఖరి పెగ్గు తర్వాత ఎవరూ ఇవ్వరు.